మూయని సున్నలు

వరంగల్ నుంచి ఎం.ఎస్. చేయడానికి అమెరికా వచ్చే పిల్లలకు లెక్కలేదు. వాళ్ళలో బొమ్మలు గీయడానికీ పుస్తకాలు కుట్టడానికీ వచ్చింది, తనకు తెలిసినంతలో, ఉమ ఒక్కతే. జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్‌లో ఆమెతో గది పంచుకున్న రేష్మకు ఆ చదువేమిటో ఎంత చెప్పినా ఎక్కేది కాదు.

"డిజైన్ అంటే వెబ్ డిజైనా?" అని అడిగేది.

"కాదే. అక్షరాలు, పుస్తకాలు. వాటి హిస్టరీ."

"మంచిగుంది. మరి జాబ్ ఎట్ల?"

అది 2008 చివర. కంప్యూటర్లు చదివి ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్ళనే కంపెనీలు ఇంటికి పంపేస్తున్న రోజులు.

ఉమ పరిశోధనకు ఎంచుకున్న విషయం చిన్నది. తెలుగు కంప్యూటర్‌లోకి ఎక్కకముందు అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు తమ అక్షరాలను ఎలా అచ్చువేసుకున్నారు? ఆమె కోర్సులో పరిశోధన రాసి ఊరుకుంటే సరిపోదు. తెలుసుకున్నదాన్నుంచి ఒక పుస్తకాన్ని చేత్తో గీసి, అచ్చువేసి, కుట్టి చూపించాలి. అదీ ఒంటరిగా కాకుండా మరొకరితో కలిసి చేయాలి. "ఎవరి పని గురించి రాస్తున్నావో వాళ్ళ పక్కన కూర్చుని చెయ్యి" అని ఆమె ప్రొఫెసర్, తల నెరిసిన అమెరికన్ ఆవిడ, మొదటిరోజే చెప్పింది.

ఉమ తెలుగు సంఘాలన్నిటికీ మెయిల్ పెట్టింది. చాలారోజులకు ఒకే ఒక్క జవాబు వచ్చింది. రాసినాయన పేరు అచ్యుతరావు. ఆపరేషన్లలో మత్తుమందు ఇచ్చే డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. జెర్సీ సిటీ నుంచి రైల్లో వెళ్ళే ఐసెలిన్‌లో ఉంటాడు. 'పొరుగు' అనే పత్రిక పాత సంచికలు తన దగ్గర ఉన్నాయనీ, శనివారం వస్తే భోజనం చేసి చూడవచ్చుననీ రాశాడు.

స్టేషన్‌కు ఆయనే కారు తెచ్చాడు. దారి పొడవునా ఆ పత్రిక గురించే చెప్పాడు.

"సెవెంటీ ఫోర్‌లో మొదలుపెట్టామమ్మా. అప్పుడు ఇక్కడ తెలుగు టైపు ఎక్కడుంది? ఇండియాలో ప్రింట్ చేయించి షిప్‌లో తెప్పిస్తే ఉగాది సంచిక దసరాకి వచ్చేది. అందుకని చేత్తో రాసి సైక్లోస్టైల్ తీసేవాళ్ళం. మా బేస్‌మెంట్‌లోనే. పదిహేనేళ్ళు నడిపాం. నేను ఎడిటర్ని, విశ్వనాథం గారు ట్రెజరర్."

"చేత్తో రాసేది ఎవరు అంకుల్?"

"మా ఆవిడే" అన్నాడు ఆయన, సిగ్నల్ దగ్గర బండి ఆపుతూ.

ఆ ఇంట్లో వసుమతి వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. సన్నగా, పొడుగ్గా, మొహంలో ఏ కదలికా లేకుండా ఉంది. కుడిచేతిని శాలువా కింద పెట్టుకుంది. శాలువా ఆ చోట ఆగకుండా కదులుతోంది. ఎనిమిదేళ్ళుగా పార్కిన్సన్స్ అని అచ్యుతరావు కారులోనే చెప్పాడు. ఆమె ఉమను పలకరించింది గానీ గొంతు పక్కగదిలోంచి వస్తున్నంత చిన్నగా ఉంది.

భోజనాలయ్యాక అచ్యుతరావు ప్లాస్టిక్ డబ్బాలు పైకి తెచ్చాడు. ఉమ మొదటి సంచిక తెరిచింది. కాగితం పసుపు తిరిగింది. సిరా అక్కడక్కడా పేలవంగా ఉంది. అక్షరాలు మాత్రం ఇప్పుడే వచ్చి కూర్చున్న మనుషుల్లా ఉన్నాయి. కొద్దిగా కుడికి వాలి, తలకట్లు ఎగరేసి, వరసలో ఉంటూనే ఒకదానితో ఒకటి ఏదో చెప్పుకుంటున్నట్టున్నాయి. ఆఖరి పేజీలో సంపాదకుడి పేరుంది, కోశాధికారి పేరుంది, కాగితాలు ఇచ్చిన షాపు పేరుంది. రాసిన మనిషి పేరు ఏ సంచికలోనూ లేదు.

"ఆంటీ పేరు వేయలేదేంటి అంకుల్?"

"ఇంట్లో మనిషి పేరు ఏం వేసుకుంటామమ్మా" అన్నాడాయన. అందులో ఆయనకు తప్పేమీ తోచలేదు.

ఉమ పేజీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. "ఆంటీ, మీ సున్నలు మూసుకోలేదు. ప్రతి సున్నకీ కింద, కుడివైపున, చిన్న సందు ఉంది. 'ర'కి కూడా. 'బ'కి కూడా."

వసుమతి మొదటిసారి ఆమె వంక నేరుగా చూసింది.

"మైనం కాగితం అమ్మాయ్ అది. ఇనప ముల్లుతో గీస్తే, గీసినచోట మైనం లేచిపోయి సిరా దిగుతుంది. సున్న పూర్తిగా చుట్టావనుకో, మధ్యలో బిళ్ళ ఊడి పడిపోతుంది. అచ్చులో నల్లటి మచ్చ వస్తుంది. ఇంగ్లీషుకైతే ఎక్కడో ఒకటీ అరా. మనకి ఒళ్ళంతా సున్నలే కదా. అందుకని ఏదీ మూయకుండా రాయడం అలవాటు చేసుకున్నాను."

"ఎవరు నేర్పించారు?"

"చిరిగిన కాగితాలు" అంది వసుమతి.

సాయంత్రం అచ్యుతరావు ఉమను స్టేషన్‌లో దింపే ముందు ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్డు మీద మిఠాయిల షాపు దగ్గర ఆగాడు. ఉమ కారులో కూర్చుని షాపు బోర్డు చూసింది. కంప్యూటర్‌లో కూర్చి వేసిన పెద్ద ఎర్ర అక్షరాలు. 'పూతరేకులు, సున్నుండలు.' సున్నుండలలో సున్నకు కింద, కుడివైపున, సందు ఉంది.

ఆ అక్షరాలు ఏ ఫాంటువో ఉమకు తెలుసు. అందరికీ తెలుసు. 'కోటి' అనే పేరుతో పదహారేళ్ళుగా ఉచితంగా దొరుకుతున్న ఫాంటు. పెళ్ళి కార్డులూ ఊరగాయ సీసాల మీది లేబుళ్ళూ ఆదివారం బడి పుస్తకాలూ ఇక్కడ అన్నీ దానితోనే. తయారుచేసిన ఇంజనీరు పేరు కోటేశ్వరరావు. రెండేళ్ళకోసారి ఏదో ఒక సభలో ఆయనకు శాలువా కప్పుతూనే ఉంటారు.

ఉమ 'కోటి' అక్షరాలను పెద్దవి చేసి, పల్చటి కాగితం మీద పెన్సిల్‌తో ఎత్తి రాసి, 'పొరుగు' అక్షరాల మీద పరిచి చూసింది. వాలు ఒకటే. తలకట్టు ఒకటే. సందు ఒకటే. తర్వాతి శనివారం ఆ కాగితాలు తీసుకుపోయి వంటింటి బల్ల మీద పరిచింది. మొదట సంతోషపడింది అచ్యుతరావే.

"కోటేశ్వరరావుకి సంచికలన్నీ ఇచ్చింది నేనే కదమ్మా. నైంటీ టూలో వచ్చి స్కాన్ చేసుకుంటానని తీసుకెళ్ళాడు. చూశావా మరి, ఊరంతా మన ఇంటి అక్షరాలే."

వసుమతి కాగితాన్ని ఎడమచేత్తో జరుపుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"కంప్యూటర్‌కి మైనం చిరుగుతుందా అమ్మాయ్?"

"చిరగదు ఆంటీ."

"మరి సున్న ఎందుకు మూయలేదు ఆయన?"

అచ్యుతరావు కాఫీ కలపడానికి లేచాడు.

ఉమకు మాత్రం రక్తం ఉడికింది. ఇంటికి వెళ్ళి కోటేశ్వరరావు నంబరు సంపాదించి ఫోన్ చేసింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "అవునమ్మా, ఆవిడ దస్తూరీనే. అప్పట్లో ఎవరిదని ఎవరడిగారు? తెలుగు కనిపిస్తే చాలనుకున్నాం. ఇప్పుడు ఫాంటు పేరు మారిస్తే అందరి ఫైళ్ళూ బ్రేక్ అయిపోతాయి. వెబ్‌సైట్‌లో ఒక థాంక్స్ పెట్టమంటే పెడతాను" అన్నాడు. పెట్టలేదు. ఉమ మళ్ళీ మెయిల్ రాసింది. జవాబు రాలేదు.

ఈ సంగతి పుస్తకంలో రాస్తానని చెబితే వసుమతి ఒప్పుకోలేదు.

"ఆయన గొడవ నాకొద్దు. నువ్వు నాతో కలిసి పుస్తకం చెయ్యాలన్నావుగా? అయితే ఇది చెయ్యి. ఆ మైనం కాగితాల పని అయిపోయాక, మూసిన సున్నలతో ఒక్కసారి 'అ' నుంచి 'ఱ' దాకా రాసుకోవాలని ఉండేది. పత్రిక ఆగిపోయాక ఇంక రాయమనేవాళ్ళు లేరు. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటుంటే చెయ్యి పోయింది."

తన గురించి ఆమె అంతగా మాట్లాడటం ఉమ వినడం అదే మొదటిసారి.

ఆ చలికాలమంతా, ఆ తర్వాత ఎండలు వచ్చాక కూడా, ఉమ శనివారాలు ఐసెలిన్‌లో గడిపింది. వసుమతి చెప్పేది, ఉమ గీసేది. అక్షరానికి ఏం కావాలో వసుమతి మాటల్లో చెప్పేది.

"'బ' అంటే నెలలు నిండిన మనిషి, అమ్మాయ్. నడుం మీద చెయ్యి వేసుకుని వెనక్కి వాలాలి. నువ్వు రాసిన 'బ' పోలీసు సెల్యూట్ కొడుతున్నట్టుంది."

"ఇప్పుడు?"

"పొట్ట వచ్చింది. అలుపు రాలేదు."

ఉమ మళ్ళీ గీసేది. తలకట్టు పెట్టేటప్పుడు ఊపిరి వదలమనేది వసుమతి. వదిలేది. 'ఖ' లోపల గది ఇరుకైందనేది. వెడల్పు చేసేది. ఆఖరికి వసుమతి తల ఊపి, "అచ్చులా ఉంది" అనేది. మొదట్లో ఉమ దాన్ని మెప్పు అనుకుంది. కొన్ని వారాలు పోయాక ఆ మాట వినబడినప్పుడల్లా, చేత్తో రాసినట్టు లేదంటోందని తెలిసి, రబ్బరు అందుకునేది.

జూన్‌లో ఒకరోజు వసుమతి శాలువా కిందనుంచి చెయ్యి బయటికి తీసింది.

"ఇలా ఇవ్వు."

మందు వేసుకున్నాక కొంతసేపు ఆ చెయ్యి మాట వింటుందని ఉమ గమనించే ఉంది. వసుమతి మెత్తటి పెన్సిల్ పట్టుకుని 'అ' మొదలుపెట్టింది. గీత వణుకుతూనే పోయింది గానీ ఎటు పోవాలో దానికి తెలుసు. 'ఆ' రాసింది. 'ఇ' రాసింది. రాసేకొద్దీ అక్షరం చిన్నదైపోతోంది. మొదటిది రూపాయి బిళ్ళంత ఉంటే, వరస చివరికి వచ్చేసరికి ఆవగింజంత అయింది. పెద్దగా రాయాలని ఆమె చెయ్యి బిగబట్టడం కనిపిస్తూనే ఉంది. ఆ జబ్బు చేసే పనే అది.

వసుమతి పెన్సిల్ పెట్టేసింది. "పారెయ్."

"నాకు నచ్చాయి ఆంటీ."

"ఇవి నావి కావు. జబ్బు రాసినవి. పారెయ్."

ఉమ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. బయట పారేస్తుందనే అనుకుని ఉంటుంది వసుమతి. ఆ తర్వాత ప్రతి శనివారం ఆమె ఒక్క వరసైనా రాసేది. చూసుకుని, పారెయ్యమనేది. ఉమ ఒక్కటీ పారెయ్యలేదు.

ప్రొఫెసర్‌కు ఆ కాగితాలు చూపించినప్పుడు ఆమె వాటిని కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి చూసింది. తర్వాత ఉమ గీసిన శుభ్రమైన అక్షరాలు చూసింది. "ఇవి చక్కటి డ్రాయింగులు" అంది వాటిని పక్కన పెడుతూ. వణికిన వరసల మీద చెయ్యి వేసి, "నీ పుస్తకం ఇదీ" అంది.

ఉమ మధ్యేమార్గం ఆలోచించింది. కుడిపేజీలో తను గీసిన అక్షరం, సున్నలు మూసి, వసుమతి చెప్పినట్టుగా. ఎదురుగా ఎడమపేజీలో వసుమతి వణుకుతూ రాసిన వరస. మొదటి పేజీలో ఇద్దరి పేర్లు. ముందు వసుమతి పేరు. ఆమెను అడగాలనే అనుకుంది. కానీ ఆమె ఏదో ఒక వారం ఉత్సాహంగా ఉండేది, అలాంటప్పుడు పాడుచేయబుద్ధి కాలేదు. మరో వారం నీరసంగా ఉండేది, అప్పుడు అడగబుద్ధి కాలేదు.

ఆకులు రాలేవేళకు వసుమతికి మెట్ల మీద పిల్లలు కూర్చున్నట్టు కనిపించడం మొదలైంది. పలకరించినా పలకరని చెప్పేది. తర్వాత బేస్‌మెంట్‌లోకి ఎవరో వచ్చి పోతున్నారనీ, కాగితాలు తీసుకుపోతున్నారనీ అనడం మొదలుపెట్టింది. అచ్యుతరావు ఉమను వాకిలి దాకా సాగనంపుతూ చెప్పాడు.

"ఇదీ ఆ జబ్బులో భాగమేనమ్మా. మందు పెంచితే చెయ్యి నిలుస్తుంది, మనసు చెదురుతుంది. తగ్గిస్తే మనసు కాస్త నిలుస్తుంది, మనిషి కొయ్యబారిపోతుంది. శనివారాలు తను ఒక మాత్ర ఎక్కువ వేసుకుంటోంది."

"నేను వస్తున్నాననా అంకుల్?"

ఆయన మంచు ఊడ్చే చీపురు కోసం వెతుకుతున్నట్టు గరాజ్ వైపు చూశాడు. ఇంకా మంచు పడలేదు.

"రాస్తున్నప్పుడు మొహంలో ఏదో కదిలేదమ్మా. నాకూ చూడాలని ఉండేది. అందుకే తెలిసీ ఏమీ అనలేదు."

ఉమ రైల్లో కూర్చున్నాక గానీ ఆ మాట పూర్తిగా దిగలేదు. వసుమతి రాసిన ఒక్కొక్క వరసా ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె ఐసెలిన్ వెళ్ళలేదు. ఫోన్‌లో అడిగితే అచ్యుతరావు, మందు తగ్గించామనీ, చెయ్యి అసలు కదలడం లేదనీ, పిల్లలు మాత్రం మెట్ల మీదే ఉన్నారనీ చెప్పాడు.

పేజీలన్నీ అచ్చయ్యాయి. మందపాటి పత్తి కాగితం, నల్లటి సిరా. గుడ్డ బిగించిన స్క్రీన్ మీద సిరా లాగి లాగి ఉమ భుజాలు పట్టేశాయి. కుట్టు మాత్రం ఆపింది. మొదటి ప్రతిని వసుమతితో కలిసి కుట్టాలని మొదటి చలికాలంలోనే ఇద్దరూ అనుకున్న మాట. మార్చి నెలలో మడతపెట్టిన పేజీలూ మైనం పూసిన దారమూ సూదీ తీసుకుని వెళ్ళింది.

వసుమతి చక్రాల కుర్చీలో ఉంది. ఉమను చూసి తల ఊపింది. ఉమ బల్ల తుడిచి పేజీలు ముందు పెట్టి, ఒక్కొక్కటీ తనే తిప్పింది. మొదట కుడిపేజీలే కనిపించేలా చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బాగున్నాయి" అంది వసుమతి. "ఎవరు రాశారు?"

"మీరే ఆంటీ. మీరు చెప్పారు, నేను గీశాను. సున్నలు చూడండి, మూశాం."

వసుమతి సున్నల వంక చూసింది. వాటిలో ఆమెకు ఏమీ గుర్తుకొచ్చినట్టు లేదు. ఉమ చెయ్యి తీసింది. ఎడమపేజీ మీద, వణుకుతూ, చిన్నదైపోతూ, 'అ ఆ ఇ ఈ'.

ఆ మొహంలో కదలిక లేక చాలాకాలమైంది. కానీ కళ్ళు మారాయి. ఆ వరసను ఆమె గుర్తుపట్టింది. పుస్తకం మొత్తంలో ఆమె గుర్తుపట్టింది దాన్నే.

"ఇవి పారెయ్యమన్నాను."

"ఆంటీ..."

"పారెయ్యమన్నాను కదా." ఇంకో పేజీ తిప్పమన్నట్టు ఎడమచేతి వేలు కదిలింది. ఉమ తిప్పలేదు. వసుమతి ఆమె మొహంలోకి చూసింది. "నువ్వా. కిందనుంచి కాగితాలు పట్టుకుపోయేది నువ్వా."

"కాదు ఆంటీ, నేను ఉమని."

"ఏవండీ." గొంతు అంతే చిన్నగా ఉంది. ఆయన పక్కగదిలోంచి వచ్చాడు. "ఈ పిల్ల నా అక్షరాలు ఎత్తుకుపోతోంది. ఇంక రానివ్వకండి."

అచ్యుతరావు ఉమ వైపు చూసి, పట్టించుకోవద్దన్నట్టు తల ఆడించాడు. పట్టించుకోకుండా ఉండటానికి అది అబద్ధమైతే కదా. ఉమ పేజీలు సర్దుకుంది. దారపు ఉండ బల్ల కిందకి దొర్లిపోతే అచ్యుతరావే వంగి తీసి ఇచ్చాడు.

వారం తిరగకముందే వాళ్ళ అమ్మాయి పద్మిని ఫోన్ చేసింది. ఆమె ఆరిజోనాలో, చాండ్లర్‌లో చిప్‌లు చేసే కంపెనీలో పనిచేస్తుంది. కోపంగా ఏమీ లేదు.

"ఉమా, నాన్న అంతా చెప్పారు. మీరు మంచిగా చేశారు, ఐ నో. కానీ ఆ పేజెస్ అమ్మ వద్దని చెప్పింది కదా. అవి పెట్టొద్దు. అమ్మ పేరు కూడా వద్దు."

"అక్కా, ఒక్కసారి ఆంటీని అడుగుతాను. మంచిగా ఉన్న రోజు చూసి."

"అడిగితే యెస్ అంటుంది, నెక్స్ట్ డే నో అంటుంది. అది యెస్ కాదు ఉమా. మీ పేరు పెట్టుకోండి, ఐ డోంట్ మైండ్."

"నా ఒక్కదాని పేరెట్ల పెట్టుకుంటానక్కా? కోటేశ్వరరావు గారు చేసిందీ అదే కదా."

"హూ ఈజ్ దట్?"

ఉమ చెప్పింది.

"నాకు తెలుగు చదవడం రాదు" అంది పద్మిని. "చిన్నప్పుడు అమ్మ ఎప్పుడూ బేస్‌మెంట్‌లో రాసేది. నేను పక్కన కూర్చుని హోంవర్క్ చేసేదాన్ని. షీ నెవర్ టాట్ మీ. టైం లేదు అనుకుంటా." ఆమె ఆగింది. "పేజెస్ పెట్టొద్దు. ప్లీజ్."

ఉమ ఎడమపేజీలు తీసేసి, మిగిలినవాటిని ప్రొఫెసర్ బల్ల మీద పెట్టింది. ఆమె ఓపిగ్గా చివరిదాకా తిప్పి, ఇవి చక్కటి డ్రాయింగులని మళ్ళీ అంది. ఉమకు ఆ అభిప్రాయంతో పేచీ లేదు. కుడిపేజీల్లో ఉన్నది నెలలు నిండని 'బ', ఊపిరి లేని తలకట్టు. రెండు చేతులతో చేసిన పుస్తకంలోంచి ఒక చేతిని తీసేస్తే మిగిలింది నున్నటి అచ్చు. దాన్ని తన పేరుతో ప్రదర్శనలో పెట్టడం ఆమె వల్ల కాలేదు.

ప్రదర్శన రోజున ఆమెకు కేటాయించిన గోడ ఖాళీగా ఉంది. పరిశోధన వ్యాసం విడిగా ఇచ్చి డిగ్రీ తెచ్చుకుంది. మైనం కాగితాల గురించీ మూయని సున్నల గురించీ 'కోటి' ఎక్కడినుంచి వచ్చిందన్నదాని గురించీ అందులో రాసింది. వసుమతి అని రాయడానికి వీల్లేక, 'సంపాదకుని భార్య' అని రాసింది. ఆ రెండు మాటలు టైపు చేసి, కుర్చీలోంచి లేచి వెళ్ళి మొహం కడుక్కుంది. వ్యాసం కాలేజీ లైబ్రరీలోకి వెళ్ళింది. దాన్ని అడిగినవాళ్ళు లేరు.

వీసా గడువు గుర్తుచేస్తూ రేష్మ రోజూ పోరేది. పుస్తకాలు కుట్టే ఉద్యోగం ఎక్కడా లేదు. డిజైన్ ఉద్యోగాలకు పంపిన మెయిళ్ళకు జవాబులు రాలేదు. చివరికి రేష్మే తన కన్సల్టెన్సీలో మాట్లాడి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ట్రైనింగ్‌లో చేర్పించింది. కొన్ని నెలలకు ఉమ జెర్సీ సిటీలోనే ఒక బ్యాంకు ఆఫీసులో, స్క్రీన్ మీద బటన్‌లు నొక్కి అవి పనిచేస్తున్నాయో లేదో రాసే పనిలో కుదురుకుంది. పని కష్టమేమీ కాదు. సాయంత్రం ఇంటికి వచ్చాక పెన్సిల్ తీయాలనిపించేది కాదు. కుట్టని పేజీలు మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి. ఎడమపేజీలు కూడా అందులోనే ఉన్నాయి. ఇప్పటికీ ఆమె పారెయ్యలేదు. వాటిని తెరిచీ చూడలేదు.

మరుసటి వసంతంలో అచ్యుతరావు ఫోన్ చేశాడు. ఇల్లు అమ్మేశామనీ, చాండ్లర్ వెళ్ళిపోతున్నామనీ, పద్మిని ఇంటి దగ్గర్లోనే వసుమతిని చూసుకునే చోటు దొరికిందనీ చెప్పాడు. పత్రిక సంచికలు అసోసియేషన్ వాళ్ళు తీసుకెళ్ళారట.

"స్కాన్ చేస్తామన్నారమ్మా" అన్నాడు. ఉమ ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"ఒకసారి రామ్మా. ఇప్పుడు పర్వాలేదు. ఎవర్నీ గుర్తుపట్టడం లేదు."

ఉమ వెళ్ళింది. ఇంట్లో గోడలు బోసిగా ఉన్నాయి. అచ్యుతరావు గిన్నెలు పాత పేపర్లలో చుడుతున్నాడు. వసుమతి కిటికీ పక్కన కుర్చీలో ఉంది, ఇంకా చిక్కిపోయింది. ఉమ ఎదురుగా స్టూల్ మీద కూర్చుంది. చాలాసేపటికి వసుమతి కళ్ళు ఆమె మీద నిలిచాయి.

"ఎవరమ్మా?"

"ఉమ."

"తెలుగువాళ్ళేనా?"

"అవునండి. వరంగల్."

వసుమతి ఆలోచించింది. మాట పెదవుల దాకా రావడానికి సమయం పట్టింది.

"రాయడం వచ్చా?"

పక్కన గిన్నెలు చుడుతున్న కాగితాల చప్పుడు ఆగింది. ఉమ తన చేతుల వంక చూసుకుంది.

"రాదండి" అంది.

వసుమతి మొహం అలాగే ఉంది గానీ, భుజాలు కొద్దిగా కిందకి దిగాయి.

"నేర్పుతాలే" అంది. "శనివారం రా."

"వస్తానండి."

వాళ్ళ విమానం శుక్రవారం పొద్దున. అచ్యుతరావు మళ్ళీ కాగితం అందుకుని, ఇంకో గిన్నె చుట్టడం మొదలుపెట్టాడు. ఉమ లేచి, బల్ల మీద మిగిలినవి ఒక్కొక్కటీ ఆయనకు అందిస్తూ నిలబడింది.